మా కొండచిలువ నా మీద పగబట్టిందా?

ప్రశ్న: ఏడు నెలల క్రితం మా తమ్ముడు ఉద్యోగం మీద దూరదేశం వెళ్తూ, తాను పెంచుకుంటున్న బర్మీస్ కొండచిలువను మా ఇంట్లో వదిలి వెళ్లాడు. ఆడది. వయసు మూడున్నరేళ్లు, పొడవు 3.4 మీటర్లు, బరువు 24 కిలోలు. అద్దాల పెట్టెలో ఉంటుంది. పైన జాలీ మూత, దాని మీద పాత పుస్తకాల కట్టలు రెండు పెట్టాను. లోపల వేడి కోసం బల్బు ఉంది, రాత్రి పడుకునే ముందు ఆర్పేస్తాను. తేమ కోసం రోజూ నీళ్లు చల్లుతాను. వారానికో కుందేలును చేత్తో పట్టుకుని ఊపుతూ వేస్తాను. గత నెల నీళ్ల తొట్టి తీయడానికి మూత ఎత్తి చేయి పెట్టగానే మణికట్టు దగ్గర పట్టుకుని మోచేతి దాకా చుట్టేసింది. అప్పుడు ఇంట్లో నేనొక్కడినే. విడిపించుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వారం రోజులుగా ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి, ఊపిరి తీస్తుంటే గురగురమంటోంది. అది ఒళ్లు చాచి పడుకుంటే మనిషిని మింగడానికి కొలత తీసుకుంటోందని మా అత్తగారు అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. పాము పగ అంటారు కదా, ఇది నిజంగానే నా మీద పగబట్టిందా? దీన్ని ఉంచుకోవాలా, వదిలేయాలా?

సమాధానం: పగ సంగతి కాసేపు పక్కన పెట్టండి. కాటు గురించి మీరు మూడు వాక్యాలు రాశారు, బుడగల గురించి ఒక్కటే. నన్ను కంగారు పెట్టింది ఆ ఒక్కటే.

మనం గట్టిగా దగ్గగలిగేది ఛాతీ కింద ఉండే ఉదరవితానం అనే కండరం సాయంతో. పాముకు ఆ కండరం లేదు. ఊపిరితిత్తుల్లో చేరిన కఫాన్ని దగ్గి బయటకు నెట్టే శక్తి దానికి లేనందువల్ల అది లోపలే నిలిచి చిక్కబడుతుంది. ముక్కు దగ్గర బుడగ కనిపించిందంటే జబ్బు మొదలై కొంతకాలం అయిందని అర్థం. కుబుసం విడిచే ముందు ముక్కు రంధ్రంలో పాత చర్మం ఇరుక్కుని ఈలలాంటి చప్పుడు రావడం వేరు, అది కుబుసంతోపాటే పోతుంది. బుడగలు, గురగుర, నోటి అంచున జిగురు, తల పైకెత్తి నోరు కొంచెం తెరిచి ఊపిరి తీయడం, ఇవన్నీ ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. అశ్రద్ధ చేస్తే న్యుమోనియాగా ముదిరి ప్రాణం తీస్తుంది. పాములకు, బల్లులకు వైద్యం చేసిన అనుభవం ఉన్న పశువైద్యుడి దగ్గరకు వచ్చే రెండు మూడు రోజుల్లో తీసుకెళ్లండి. కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే డాక్టరు ఎంత మంచివారైనా, ఇలాంటి కేసు ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలో ముందు వారినే అడగండి.

ఈ జబ్బు ఎందుకు వచ్చిందో మీ ఉత్తరమే చెబుతోంది. రాత్రి బల్బు ఆర్పేస్తున్నారు. జాలీ మూతలోంచి వేడి మొత్తం పైకి పోతోంది. ఆ చల్లటి పెట్టెలో మీరు రోజూ నీళ్లు చల్లుతున్నారు. చలి, తడి కలిస్తే కొండచిలువ ఊపిరితిత్తులకు అంతకన్నా చేటు లేదు. పొడిగా ఉండే చలినైనా కొంత తట్టుకుంటుందేమో కానీ, రాత్రంతా తడిసిన పరుపు మీద చల్లగా పడుకోవడం తట్టుకోలేదు. పాముకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. (గుడ్లు పొదిగే తల్లి కొండచిలువ కండరాలను వణికిస్తూ కొంత వేడి పుట్టించుకుంటుంది. ఆ కొన్ని వారాలు తప్ప మిగతా బతుకంతా బయటి వేడి మీదే.) అరుగుదల, రోగంతో పోరాడే శక్తి, డాక్టరు ఇచ్చే మందు ఒంట్లో పనిచేయడం కూడా ఆ వేడి మీదే ఆధారపడి ఉంటాయి. పెట్టె చల్లగా ఉంచి ఇంజెక్షన్లు పొడిపించడం వల్ల లాభం లేదు.

కాబట్టి ఈ రోజే చేయాల్సింది ఇది. పెట్టెలో ఒక వైపు, పాము పడుకునే చోట, 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రెండో వైపు 26, 27 ఉండాలి. అది తనకు కావలసిన చోటుకు తానే జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాముకు రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా పరవాలేదు, జబ్బు చేసినదానికి అసలు తగ్గనివ్వకండి. చేత్తో తాకి వేడి చూడటం లెక్కలోకి రాదు. గోడకు అతికించే గుండ్రటి థర్మామీటరు కూడా గోడ వేడినే చూపిస్తుంది. తీగ చివర సూది ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని చెరో వైపు పెట్టండి. బల్బుకు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి, చుట్టూ జాలీ తొడుగు కూడా తప్పనిసరి. తొడుగు లేని బల్బుకు పాము ఒళ్లు ఆనించి కాల్చుకుంటుంది, కాలుతున్నా పక్కకు జరగదు. అలా పొట్ట మీదో వీపు మీదో పొలుసులు కమిలిపోయిన పాములను చాలా చూశాను. వెలుతురు ఇచ్చే బల్బును రాత్రి ఆర్పాల్సిందే, అందుకే వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే పలకను పైకప్పుకు బిగించడం మేలు. లోపల పెట్టే, కరెంటుతో వేడెక్కే రాళ్లు మాత్రం వద్దు.

నీళ్లు చల్లడం ఆపేయండి. అడుగున పరిచినది తడిగా ఉంటే మొత్తం తీసి పొడిది వేయండి, ఇప్పటికి న్యూస్ పేపరు చాలు. దేవదారు, పైన్ చెక్క పొట్టు ఎప్పుడూ వాడకండి, వాటి ఘాటు పాముకు విషం. గాలిలో తేమ 50, 60 శాతం ఉంటే సరిపోతుంది. జాలీ మూతను మూడొంతులు కప్పేసి, వెడల్పాటి నీళ్ల తొట్టి పెడితే ఆ తేమ దానంతట అదే వస్తుంది. డాక్టరు చెప్పేదాకా ఆహారం పెట్టకండి. మనుషుల మాత్రలు ఏవీ పొడిచేసి పోయకండి. డాక్టరు గొంతులోంచి నమూనా తీసి పరీక్షకు పంపవచ్చు, ఎక్స్‌రే తీయవచ్చు, వారాల తరబడి ఇంజెక్షన్లు రాయవచ్చు. కొండచిలువల్లో ఇలాంటి జబ్బుకు కారణమయ్యే నిడోవైరస్‌ను 2014లో గుర్తించారు, ఆ పరీక్ష గురించి కూడా అడగండి. తీసుకెళ్లేటప్పుడు దుప్పటి గలీబులాంటి గట్టి నూలు సంచిలో పెట్టి ముడి వేసి, ఆ సంచిని గాలి రంధ్రాలున్న తాళం వేసే డబ్బాలో ఉంచండి. ఇద్దరు మనుషులు ఉండాలి. కారును ముందే వెచ్చబరచండి.

ఇక పగ దగ్గరికి వద్దాం.

పగబట్టాలంటే ముందు మిమ్మల్ని మీరుగా గుర్తుపెట్టుకోవాలి, జరిగినదాన్ని మనసులో దాచుకోవాలి, సమయం కోసం కాచుకోవాలి. ఆ పనులు చేసే మెదడు కాదు అది. దానికి తెలిసింది ఇంతే: ఏడు నెలలుగా మూత తెరుచుకుంటోంది, వెచ్చటిదేదో లోపలికి వచ్చి ఊగుతోంది, అది తిండి. వారం వారం అదే పాఠం. దాని పై పెదవి, కింది పెదవి అంచుల్లో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి చూడండి. వేడిని పసిగట్టేవి అవే. చీకట్లోనైనా చుట్టుపక్కల గాలికన్నా వెచ్చగా ఉన్నది ఏదైనా వాటికి తెలిసిపోతుంది. మీ చేయి, కుందేలు ఆ గుంటలకు ఒక్కటే. పైగా కుందేలు వాసన పట్టిన గదిలో, కుందేలును ఊపే చేత్తోనే తొట్టి తీయబోయారు. అది చేసింది పొరపాటే కానీ, ఆ పొరపాటును నేర్పింది మీరు.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. నా ఎడమ బొటనవేలి కింద అర్ధచంద్రాకారంలో ఒక మచ్చ ఉంది. చిన్న పాముకు ఎలుకను వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుగు మీటర్ల ఆడ కొండచిలువ తలుపు తెరిచాను. చేతులైతే కడిగాను కానీ చొక్కా చేతి అంచుకు అంటిన వాసనను కడగలేదు. అది దూకడం నేను చూడలేదు. చేతి మీద ఎవరో తువ్వాలుతో గట్టిగా కొట్టినట్టు అనిపించింది, అంతలోనే మూడు చుట్లు పడ్డాయి. నొప్పి తర్వాత వచ్చింది. ముందు తెలిసింది బరువు. చేతి మీద తడి ఇసుక బస్తా దించినట్టు. వేళ్లు ఊదా రంగుకు మారాయి. అదృష్టం కొద్దీ నా భార్య పక్క గదిలో ఉంది. వచ్చి తల జోలికి పోకుండా తోక కొస పట్టుకుని, గిలక చుట్టూ చుట్టిన తాడు విప్పినట్టు ఒక్కో చుట్టూ విప్పుకుంటూ పోయింది. నేను ఎంత గుంజినా కదలని పాము ఆవిడ చేతిలో నిమిషంలో విడివడింది. కొండచిలువ బలమంతా మెడ వైపు నుంచి మధ్య ఒంటి దాకా ఉంటుంది, తోక కొసలో ఆ పట్టు ఉండదు. విప్పితే అక్కడి నుంచే విప్పాలి.

మీరు ఇరవై నిమిషాలు పెనుగులాడారు కదా, ఆ పెనుగులాటే దాన్ని అంతసేపు పట్టి ఉంచింది. ఎర కదిలిన కొద్దీ బిగించడం దాని స్వభావం. ఎర గుండె కొట్టుకుంటోందా, ఆగిందా అన్నది కూడా చుట్టలకు తెలుస్తుందని 2012లో, కొండచిలువలాగే ఎరను చుట్టి చంపే బోవా పాముల మీద చేసిన పరిశోధనలో తేలింది. 2015లో మరో పరిశోధన, బిగింపు చంపేది ఊపిరి ఆడకుండా చేసి కాదని, రక్తప్రసరణను ఆపి అని చూపించింది. ఈ రెండో సంగతి ఎందుకు చెబుతున్నానంటే, 'ఊపిరి ఆడుతోంది కదా, టైము ఉంది' అనుకునేవారు చాలామంది. చుట్ట మెడ చుట్టూ పడితే టైము ఉండదు. మెదడుకు రక్తం ఆగితే కొన్ని క్షణాల్లో స్పృహ తప్పుతుంది, తర్వాత ఎంత బలమున్నా పనికిరాదు. అందుకే ఫోటో కోసమైనా, సరదాకైనా, అది ఎంత మందకొడిగా ఉన్నా, మెడలో వేసుకోకండి. మెడలో వేసుకున్న ఫోటోలు చూపించి నన్ను మెప్పించాలనుకునేవారు నెలకొకరైనా ఎదురవుతారు. నేను మెచ్చుకోను.

మళ్లీ కరిస్తే ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలుసుకోండి. పళ్లు నోట్లో ఆరు వరుసలుగా ఉంటాయి, పైన నాలుగు, కింద రెండు. అన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. చేతిని వెనక్కి లాగితే కొక్కేలకు గుచ్చుకున్న గుడ్డలా చర్మం చీలుతుంది, పళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. లాగకండి. తల మీద చల్లటి నీళ్లు ధారగా పోయండి, లేదా నోటి అంచున చేతులు శుభ్రం చేసుకునే స్పిరిట్ ద్రావణం కొన్ని చుక్కలు వేయండి. ఆ రుచికి చాలా పాములు నోరు తెరుస్తాయి. పెట్టె పక్కన గోడకు ఒక స్పిరిట్ సీసా వేలాడదీయండి, అక్కడే చేయి అందే ఎత్తులో ఫోను ఉంచుకోండి. కొండచిలువకు విషం లేదు, గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం డాక్టరును అడగండి. గాయం మానినట్టే మాని మళ్లీ వాస్తే, లోపల పన్ను ముక్క ఉందేమో చూడమనండి.

ఇప్పుడు అసలు నియమం. మూడు మీటర్లు దాటిన కొండచిలువ పెట్టెను ఒంటరిగా తెరవకూడదు. ఆహారం వేయడానికైనా, శుభ్రం చేయడానికైనా, నీళ్లు మార్చడానికైనా అంతే. పెంపకందారులు వాడే లెక్క ఒకటుంది, ఒంటి పొడవు ప్రతి మీటరున్నరకు ఒక మనిషి చొప్పున. మీ పాముకు ఇద్దరు కావాలి, జబ్బు తగ్గి బలం పుంజుకున్నాక ముగ్గురైనా ఎక్కువ కాదు. ఆ రెండో మనిషి కేవలం గదిలో ఉండి ఫోను చూసుకునే మనిషి కాకూడదు. పాము తల ఎటు ఉందో చూడటమే ఆయన పని.

తెరిచే పద్ధతి మార్చండి. మీటరు పొడవున్న, చివర మొద్దుగా వంగిన ఇనుప కొక్కెం ఒకటి తెచ్చుకోండి. శుభ్రం చేయడానికి తెరిచిన ప్రతిసారీ చేయి పెట్టకముందే కొక్కేన్ని మెల్లగా దాని మెడ వెనక ఒంటికి తాకించండి, ఒకటి రెండు సార్లు ముందుకు జరపండి. ఆహారం వేసే రోజు మాత్రం కొక్కెం వాడకండి. కొక్కెం తాకితే తిండి లేదు, తాకకపోతే తిండి ఉంది అన్న తేడా దానికి తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కొక్కెం తగలగానే అది మెడను ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వెనక్కి మడిచి కదలకుండా చూస్తుంటే, నాలుక ఆడించడం కూడా ఆపేస్తే, మూత వేసేయండి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. ఒళ్లు వదులు చేసి, నాలుక నెమ్మదిగా ఆడిస్తూ, కొక్కెం మీదుగా జారిపోతుంటే అప్పుడు చేయి పెట్టవచ్చు. ఎదురుగా తల మీదకు చేయి చాపకుండా, పక్క నుంచి ఒంటి మధ్యలో రెండు చేతులూ పెట్టి ఎత్తండి. ముందు భాగం ఒకరు, వెనక భాగం ఇంకొకరు పట్టుకోవాలి. గాలిలో వేలాడే బరువు దాని వెన్నుకు మంచిది కాదు, ఆనుకునే చోటు దొరకక బిగించడం మొదలుపెడుతుంది. తల పట్టుకోకండి. పది పదిహేను నిమిషాలు చాలు. తిన్న తర్వాత కనీసం వారం దాకా తాకవద్దు. కళ్లు పాల రంగుకు తిరిగి కుబుసం దశలో ఉన్నప్పుడు కూడా తాకవద్దు, అప్పుడు దానికి సరిగా కనిపించక ఉలిక్కిపడుతుంది. కంటి మీద పాత పొర ఉండిపోతే గోరుతోనో పట్టకారుతోనో లాగకండి, కింద కన్ను పోతుంది. ఆ పొరను కూడా డాక్టరే తీయాలి.

ఆహారం దగ్గర మీరు చేస్తున్నవి రెండు తప్పులు. వారానికో కుందేలు పెరిగే పిల్ల పాముకు చెల్లుతుంది, 24 కిలోల ఆడ పాముకు కాదు. పైనుంచి చూడండి. వెన్ను వెంట సన్నటి గాడి పడి రెండు పక్కలా కండ ఉబ్బి ఉంటే, చుట్ట వేసుకున్నప్పుడు మడతల దగ్గర పొలుసులు విడిపోయి మధ్యలో చర్మం కనిపిస్తుంటే అది బలం కాదు, కొవ్వు. ఒడ్డూపొడుగూ చూసి ఇంట్లోవాళ్లు ముచ్చటపడే పాముల్లో చాలా ఊబకాయంతో ఉన్నవే. ఇక నుంచి ఒంటి బరువులో పదోవంతు దాటని కుందేలును, అంటే 2.4 కిలోల లోపుది, మూడు నాలుగు వారాలకు ఒకసారి వేయండి. పాము ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటు కన్నా ఎర లావుగా ఉండకూడదు. నెలకోసారి తూచి రాసుకోండి.

ఆ మూడు నాలుగు వారాలు దానికి ఆకలి బాధ కాదు, ఆ ఒళ్లు తయారైందే అలా. పెద్ద ఎరను మింగిన బర్మీస్ కొండచిలువ గుండె రెండు రోజుల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో చూపించారు. పేగులు ఉబ్బి రెట్టింపు బరువవుతాయి. అరుగుదల ముగిశాక మళ్లీ అన్నీ చిన్నవైపోతాయి. అంత కార్ఖానా లోపల నడుస్తుంటే ఎత్తి తిప్పడం, పెట్టె చల్లబడనివ్వడం వల్లే పాములు మింగింది కక్కేస్తాయి. కక్కితే రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఉంచి, తర్వాత చాలా చిన్న ఎరతో మొదలుపెట్టాలి. రెండోసారీ కక్కితే డాక్టరు దగ్గరకే.

రెండో తప్పు చేత్తో పట్టుకుని ఊపడం. ముందే చంపి గడ్డకట్టించిన కుందేలునే వాడండి. ప్రాణమున్న ఎర పామును కొరికి, గీరి పుండ్లు చేస్తుంది, ఎరకూ అది క్రూరం. గడ్డకట్టినదాన్ని ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచి కరగనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో కట్టి గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. పొట్ట భాగం నొక్కి చూస్తే లోపల గట్టిగా తగలకూడదు. మైక్రోవేవ్‌లో పెట్టకండి, బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. తల భాగం మన ఒంటి వేడికన్నా కాస్త ఎక్కువగా, 38 డిగ్రీల దగ్గర ఉంటే పాము వెంటనే అందుకుంటుంది. మీటరు పొడవు పటకారుతో పట్టుకుని అందించండి, అది పట్టగానే వదిలి తలుపు వేసేయండి. వేరే డబ్బాలోకి మార్చి తినిపించమని కొందరు చెబుతారు. చిన్న పాములకు ఏమో కానీ, ఇంత పెద్దదాన్ని తిన్న వెంటనే, ఆకలి ఇంకా దిగని స్థితిలో చేతులతో ఎత్తి వెనక్కి పెట్టమనే సలహా నాకు పిచ్చిగా కనిపిస్తుంది.

ఇక ఆ పుస్తకాల కట్టలు. చదవగానే నవ్వు వచ్చి, పాప సంగతి గుర్తుకొచ్చి ఆగిపోయింది. మూత కింద మూల పట్టుకుని 24 కిలోల కండరం రాత్రంతా తోస్తూ ఉంటే పుస్తకాలు ఎంతసేపు నిలుస్తాయి? 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో రెండేళ్ల పాపను రాత్రి వేళ తప్పించుకున్న బర్మీస్ కొండచిలువ చంపేసింది. దాని పొడవు 2.6 మీటర్లే, మీదానికన్నా చిన్నది. 2013లో కెనడాలో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములైన పిల్లలు ఇలాగే ఆఫ్రికన్ కొండచిలువ వల్ల చనిపోయారు. రెండు చోట్లా పాము బయటికి రావడమే మొదలు. మిమ్మల్ని బెదిరించడానికి కాదు, తాళం ఎంత అవసరమో తెలియడానికి చెబుతున్నాను.

అద్దాల పెట్టెను మార్చాల్సిందే. కనీసం 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉండి, పక్క నుంచి తలుపు జరిగే గట్టి పెట్టె కావాలి. పైనుంచి చేయి దిగడం పాముకు గద్ద దిగినట్టుంటుంది, పక్క తలుపుతో కాట్లు తగ్గుతాయి. తలుపుకు నిజమైన తాళం ఉండాలి. పెట్టె ఉన్న గదికి వేరే తాళం, ఆ గది తలుపు కింద సందు మూసి ఉండాలి. తాళాలు పాప ఎత్తుకు అందకూడదు. కొత్త పెట్టె వచ్చేదాకా మూతను నాలుగు మూలలా బిగించే క్లాంపులతో పట్టించండి. పాము ఉన్న గదిలో పాప ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకూడదు. ఇంకో సంగతి, ఐదేళ్ల లోపు పిల్లలు పామును తాకనే కూడదు. పైకి ఆరోగ్యంగా ఉన్న పాము పేగుల్లో కూడా సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, చిన్నపిల్లలకు, గర్భిణులకు, ముసలివారికి అది తీవ్రమైన జబ్బు తెస్తుంది. నీళ్ల తొట్టిని వంటింటి సింకులో కడగకండి. పామును ముట్టుకున్నాక, అలాగే ముట్టుకోబోయే ముందు, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. చొక్కా కూడా మార్చుకోండి. నాలాగా తెలుసుకోవద్దు.

మీ అత్తగారి మాట. కొండచిలువ ఎరను కొలవదు. కాచుకుని ఉండి, పక్కకు వచ్చినదాని మీద దూకడమే దాని పద్ధతి. ముందుగా పక్కన పడుకుని లెక్కలు వేసుకుంటే ఏ ఎర ఆగుతుంది? ఒళ్లు చాచి పడుకునేది వెచ్చదనం కోసం, లేదా మీ పెట్టెలో సరిపడా చోటు లేక, దొరికిన చోట చాచుకుంటోంది. ఆవిడ చెప్పిన కారణం తప్పు, కానీ ఆ ఇంట్లో భయపడాల్సినంత భయపడుతున్నది ఆవిడ ఒక్కరే. పాప విషయంలో ఆవిడ మాట వినండి.

చివరి ప్రశ్న, ఉంచుకోవాలా? సరిగ్గా చూసుకుంటే ఇది ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది, ఇంకా మీటరు మీటరున్నర పెరగవచ్చు. అంటే మీ పాప కాలేజీ ముగించేదాకా, పెట్టె తెరిచిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. మీ ఉత్తరంలో ఎక్కడా 'నాకు ఇదంటే ఇష్టం' అన్న మాట లేదు. లేకపోవడం నేరం కాదు, మీరు కోరి తెచ్చుకున్నది కాదు కదా. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముందు జబ్బు నయం చేయించండి, తర్వాత దీన్ని పెంచే అనుభవం, చోటు ఉన్నవారికో, పాములను చేరదీసే సంస్థకో అప్పగించండి. జంతుప్రదర్శనశాలలు సాధారణంగా తీసుకోవు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. మీకు ఇద్దరు మనుషుల ఏర్పాటు కుదిరి, పెట్టె, తాళాలు మార్చగలిగితే ఉంచుకున్నా తప్పు లేదు.

'వదిలేయాలా' అన్న మాటకు అడవిలో వదలడం అనే అర్థం ఉంటే మాత్రం, వద్దు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లోకి పెంపుడు బర్మీస్ కొండచిలువలు చేరి సంతానం పెంచుకున్నాక, రోడ్ల వెంట రకూన్లు అనే చిన్న జంతువులు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012లో లెక్క తేలింది. అలవాటులేని చోట వదిలిన పాము బతికితే మిగతా జంతువులకు చేటు, బతకకపోతే చలికో ఆకలికో అది పోతుంది.

ఇంకొకరికి ఇవ్వాలన్నా, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలన్నా, చాలా దేశాల్లో ఇంత పెద్ద పాముకు అనుమతి పత్రం అడుగుతారు. కొన్నిచోట్ల కొన్ని జాతులను ఇంట్లో ఉంచుకోవడమే నేరం. మీ ఉత్తరంలో ఆ పత్రం ఊసే లేదు. థర్మామీటరు కొనడానికి బయలుదేరే ముందు మీ తమ్ముడికి ఫోను చేసి, ఆ కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో, ఎక్కడ పెట్టాడో అడగండి.